యమహా ఆర్‌ఎక్స్-వి385 రివ్యూ: ఓమ్‌లు కలవని స్పీకర్లు ఇంట్లో ఉన్నవాళ్ళ కోసం

కడపలో హోమ్ థియేటర్ సెట్టు మొత్తం ఒకేసారి కొత్తగా కొనేవాళ్ళు తక్కువ. ఇంట్లో ఎప్పటివో రెండు టవర్ స్పీకర్లు ఉంటాయి, వెనక 8 ఓమ్ (కరెంటుకు స్పీకరు ఇచ్చే అడ్డు కొలత) అని రాసి ఉంటుంది. చెడిపోయిన డీవీడీ హోమ్ థియేటర్ తాలూకు చిన్న డబ్బాలు అటక మీద పడుంటాయి, వాటి మీద 3 అనో 4 అనో ఉంటుంది. మధ్యలో పెట్టే సెంటర్ స్పీకరు ఒక్కటి కొత్తది తెస్తే అది 6 ఓమ్. ఇవన్నీ ఒకే రిసీవరుకు, అంటే స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫయర్ పెట్టెకు, కడితే కాలిపోతుందని ఒక షాపులో చెప్తారు, ఏమీ కాదు పెట్టుకోండని పక్క షాపులో చెప్తారు. రెండూ సగం నిజాలే. యమహా ఆర్‌ఎక్స్-వి385 రిసీవరును ఈ ఒక్క కోణంలోనే ఇక్కడ చూస్తున్నాం: కలగూర సెట్టును ఇది ఎంతవరకు మోస్తుంది, ఎక్కడ వద్దంటుంది.

ముందు రిసీవరు సంగతి. 2018లో వచ్చిన 5.1 ఛానెల్ మోడల్ ఇది: ముందు రెండు ఫ్రంట్, మధ్యలో సెంటర్, వెనక రెండు సరౌండ్, బేస్‌కు ఒక సబ్‌వూఫర్. నాలుగు హెచ్‌డీఎమ్‌ఐ ఇన్‌పుట్లు, ఒక అవుట్‌పుట్, ఏఆర్‌సీ (టీవీ సౌండు అదే హెచ్‌డీఎమ్‌ఐ తీగలో రిసీవరుకు రావడం), బ్లూటూత్ ఉన్నాయి. డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో పలుకుతాయి, అట్మాస్ (పైనుంచి కూడా వినిపించే సౌండు) లేదు. పవరు ఛానెల్‌కు 70 వాట్లు. అయితే ఆ అంకె 6 ఓమ్ లోడు మీద, రెండు ఛానెళ్ళు మాత్రమే నడుస్తున్నప్పుడు కొలిచింది. అట్టపెట్టె మీద కనిపించే ఇంకా పెద్ద అంకెలు ఒక్క ఛానెల్, ఒక్క 1 కిలోహెర్ట్జ్ స్వరంతో, వక్రీకరణను (సౌండు చెదరడాన్ని) ఎక్కువగా ఒప్పుకుని కొలిచినవి. వాటిని చూసి మురిసిపోనక్కర్లేదు. మన లెక్కకు పనికొచ్చేది ఇంకో అంకె: స్పీకర్ల ఇంపీడెన్స్, అంటే ఆ ఓమ్‌ల అడ్డు, 6 ఓమ్‌లకు తగ్గకూడదని మాన్యువల్ చెప్తుంది.

అయిదు ఛానెళ్ళకూ లోపల అయిదు ఆంప్లిఫయర్లున్నాయి. ఫ్రంట్‌కు 8, సెంటర్‌కు 6, సరౌండ్‌కు మళ్ళీ 8 పెడితే ఒకదాని ఓమ్‌ను ఇంకొకటి పట్టించుకోదు. సెంటర్ 6 అయినంత మాత్రాన ఫ్రంట్ స్పీకరుకు జరిగేదేమీ లేదు. కలపకూడదన్న మాట ఇక్కడ చెల్లదు. కాకపోతే పొయ్యిలు వేరైనా సిలిండర్ ఒకటే. అయిదింటికీ కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే, వేడి దిగిపోవాల్సిన హీట్‌సింక్ కూడా ఒకటే. అందుకే సెట్టులో అన్నిటికంటే తక్కువ ఓమ్ ఉన్న స్పీకరు ఏదో చూసుకోవాలి. సగటు తీసి లాభం లేదు.

రిసీవరు ఇచ్చేది వోల్టేజీ. ఆ వోల్టేజీకి ఎంత కరెంటు లాగాలో తేల్చేది స్పీకరు. సినిమాలో ఒక పేలుడు దగ్గర అవుట్‌పుట్ 20 వోల్టులకు చేరిందనుకుందాం. 8 ఓమ్ స్పీకరు 2.5 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే 50 వాట్లు. 6 ఓమ్‌ది 3.3 ఆంపియర్లు, 67 వాట్లు. 4 ఓమ్‌ది 5 ఆంపియర్లు, 100 వాట్లు. అటక మీది 3 ఓమ్ డబ్బా అయితే 6.7 ఆంపియర్లు, 133 వాట్లు. ఈ చివరి రెండూ వి385 అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల మీద మితిమీరి పడే బరువులు. పైగా 4 ఓమ్ అని రాసి ఉన్న స్పీకరు అన్ని స్వరాల దగ్గరా 4 ఓమ్‌గా ఉండదు. అచ్చువేసిన అంకెలో 80 శాతం దాకా ఇంపీడెన్స్ దిగొచ్చని ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణమే ఒప్పుకుంటుంది. 8 ఓమ్‌ది 6.4కు, 6 ఓమ్‌ది 4.8కి, 4 ఓమ్‌ది 3.2కి దిగొచ్చు. మాన్యువల్‌లో 6 అని రాసినవాళ్ళు 6 ఓమ్ స్పీకరు 4.8కి దిగడాన్ని లెక్కలో వేసుకునే రాశారు. 4 ఓమ్ స్పీకరు ఆ లెక్కలో లేదు.

తక్కువ సౌండులో పెడితే 4 ఓమ్ సరౌండ్లు నడవవా అంటే, నడుస్తాయి. మామూలుగా వినేటప్పుడు ఒక్కో స్పీకరుకు వెళ్ళేది ఒకటి రెండు వాట్లు, సరౌండ్లలో సౌండు కూడా అప్పుడప్పుడే వస్తుంది. చాలా ఇళ్ళలో ఇలాగే ఏళ్ళ తరబడి నడుస్తున్నాయి. కానీ పండక్కి చుట్టాలొచ్చి వాల్యూమ్ పెంచిన రోజు రక్షణ సర్క్యూట్ పనిచేసి రిసీవరు ఆగిపోతే తప్పు దానిది కాదు. వారంటీ ఉన్న కొత్త సెట్టు మీద ఈ ప్రయోగం వద్దనే మా మాట. 4 ఓమ్ స్పీకర్లే వాడి తీరాలంటే 4 ఓమ్ లోడుకు ఒప్పుకున్న రిసీవరు చూసుకోవాలి. కొన్ని రిసీవర్ల మెనూలో తక్కువ ఓమ్‌లకు మార్చుకునే సెట్టింగ్ ఉంటుంది. అది చేసేది వేడి తగ్గేలా లోపలి వోల్టేజీకి కళ్ళెం వేయడమే, దానితో అదనపు శక్తి రాదు.

స్పీకరు వెనక అంకె చెరిగిపోయి ఉంటే మల్టీమీటర్ చాలు. వైరును రిసీవరు నుంచి ఊడదీసి, మీటరును 200 ఓమ్ రేంజిలో పెట్టి, ముందు రెండు ప్రోబులు ఒకదానికొకటి తాకించాలి. అప్పుడు కనిపించే 0.2 నుంచి 0.5 ఓమ్‌ను తర్వాత కొలతలోంచి తీసేయాలి. మీటరు చూపేది డీసీ నిరోధం కనుక అది రాసిన ఓమ్ కంటే తక్కువే వస్తుంది. 5.5 నుంచి 7 మధ్య వస్తే 8 ఓమ్ స్పీకరు, 4 నుంచి 5 మధ్య అయితే 6 ఓమ్, 3 నుంచి 3.6 అయితే 4 ఓమ్. రెండున్నర చుట్టూ వస్తే అది 3 ఓమ్ డబ్బా. దాన్ని వి385కు తగిలించొద్దు. చిన్న డబ్బాల్లో కొన్నింటికి లోపల కెపాసిటర్ వరుసలో ఉంటుంది. అలాంటివాటికి మీటరు ఏమీ చూపదు, స్పీకరు చచ్చిపోయిందనుకుని పారేయకండి.

అసలు ప్రమాదం ఒకే టెర్మినల్‌కు రెండు స్పీకర్లు తగిలించడంలో ఉంది. హాలు పొడవుగా ఉందనో, డాబా మీద కూడా పాట వినపడాలనో ఫ్రంట్ టెర్మినల్‌లోకే ఇంకో జత దూరుస్తారు. 8, 8 పక్కపక్కన కడితే 4 అవుతుంది. 6, 6 కడితే 3. 8, 6 కడితే 3.4. 8, 4 కడితే 2.7. విడివిడిగా మాన్యువల్‌కు కట్టుబడిన స్పీకర్లే జతయ్యేసరికి దాన్ని మీరేశాయి. వి385కు ఈ కూడిక ఏదీ పనికిరాదు.

వరుసలో కడితే, అంటే ఒకదాని మైనస్ నుంచి ఇంకొకదాని ప్లస్‌లోకి పోనిస్తే, ఓమ్‌లు పెరుగుతాయి కనుక రిసీవరుకు భయం లేదు. కానీ రెండూ ఒకే రకం కాకపోతే పాట పాడవుతుంది. 8, 4 వరుసలో ఉంటే మొత్తం 12 ఓమ్, పవరులో మూడింట రెండొంతులు 8 ఓమ్ స్పీకరే లాక్కుంటుంది. ఒక స్పీకరు ఇంపీడెన్స్ ఏ స్వరం దగ్గర పెరిగితే ఆ స్వరంలో రెండోదానికి వోల్టేజీ తగ్గుతుంది. ఒకదాని ఎత్తుపల్లాలు ఇంకొకదాని గొంతులో వినిపిస్తాయి. అచ్చం ఒకే మోడల్ జత అయితేనే వరుసలో కట్టండి.

మెకానిక్కులు ఇచ్చే ఇంకో సలహా 3 ఓమ్ డబ్బాకు వరుసలో 3 ఓమ్ సిమెంటు రెసిస్టర్ పెట్టి 6 చేయడం. లెక్క కుదురుతుంది, రిసీవరు కూడా ఊపిరి పీల్చుకుంటుంది. కానీ పవరులో సగం రెసిస్టర్‌లో వేడిగా పోతుంది. ఇంకో నష్టం ఉంది. స్పీకరు ఇంపీడెన్స్ 3 ఓమ్ ఉన్న చోట దానికి సగం వోల్టేజీ, అంటే 6 డీబీ (సౌండు హెచ్చుతగ్గుల కొలత) తక్కువ. రెజొనెన్స్ దగ్గర, అంటే కోను తనంతట తానే ఎక్కువగా ఊగే స్వరం దగ్గర, అదే స్పీకరు 20 ఓమ్‌లకు లేస్తే అక్కడ తగ్గేది 1.2 డీబీ మాత్రమే. ఆ ఒక్క స్వరం మిగతావాటి కంటే దాదాపు 5 డీబీ పైకి లేచి కూర్చుంటుంది. మగవాళ్ళ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు మోగేది అందుకే. సెంటర్ స్పీకరుకైతే ఈ చిట్కా అస్సలు వాడకూడదు. అయిదు వాట్ల చిన్న రెసిస్టర్ పెట్టి దాన్ని ప్లాస్టిక్ డబ్బా లోపలే దాచేవాళ్ళు కూడా ఉన్నారు, అది కాలే వస్తువని మరిచిపోయి.

పాత సెట్టులోని సబ్‌వూఫర్ గురించి ఒక హెచ్చరిక. దానికి కరెంటు ప్లగ్గు లేకుండా స్పీకరు వైరు మాత్రమే ఉంటే అందులో ఆంప్లిఫయర్ లేనట్టే. వి385 వెనక సబ్‌వూఫర్ అని ఉన్న జాక్ నుంచి వచ్చేది లైన్ సిగ్నల్, ఆ వూఫర్‌ను కదిలించే శక్తి దానికి లేదు. అలాగని దాన్ని ఫ్రంట్ టెర్మినల్‌లో కలిపితే పైన చెప్పిన పక్కపక్క లెక్కలోకే వస్తాం. సొంత ఆంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్ విడిగా కొనాల్సిందే. సబ్‌వూఫర్ తప్ప మిగతా ఛానెళ్ళకు ప్రీ-అవుట్ (బయటి ఆంప్లిఫయర్‌కు సిగ్నల్ ఇచ్చే జాక్) లేకపోవడం ఈ రిసీవరులో మాకు పెద్ద లోటుగా కనిపించింది. అది ఉంటే 4 ఓమ్ సరౌండ్లకు ఒక చిన్న ఆంప్లిఫయర్ బయట పెట్టుకుని గొడవ వదిలించుకునేవాళ్ళం.

ఓమ్‌ల గురించి ఇంత వాదించుకునేవాళ్ళు సెన్సిటివిటీని, అంటే ఇచ్చిన వోల్టేజీకి స్పీకరు ఎంత గట్టిగా పలుకుతుందన్నది, మాత్రం చూడరు. చెవికి ముందు తెలిసేది అదే. స్పీకరు వెనక 88 డీబీ, 2.83 వోల్టులు అని ఉంటుంది. 2.83 వోల్టులు అంటే 8 ఓమ్ మీద 1 వాటు, 4 ఓమ్ మీద 2 వాట్లు. కాబట్టి 4 ఓమ్ స్పీకరుకు 88 అని రాసుంటే వాటుకు లెక్కేస్తే అది 85యే. రెండు స్పీకర్లకు 3 డీబీ తేడా ఉంటే నెమ్మదిదానికి రెట్టింపు పవరు కావాలి. 10 డీబీ తేడా అయితే పదింతలు. టవర్లు 90, అటక డబ్బాలు 83 అయితే, సరౌండ్‌ను సమం చేయడానికి రిసీవరు 7 డీబీ ఎక్కించాలి, అంటే అయిదింతల పవరు. ఓమ్ సరిపోయినా డబ్బా చిన్న కోను దాన్ని తట్టుకోవాలి.

ఈ సమం చేసే పనిలో వి385 బాగుంది. వైపావో అనే ఆటోమేటిక్ కొలతకు మైకు పెట్టెలోనే వస్తుంది. కూర్చునే చోట చెవి ఎత్తులో, కెమెరా స్టాండు మీద పెట్టండి. సోఫా మీద దిండ్లు పేర్చి పెడితే కొలత తప్పుతుంది. సబ్‌వూఫర్ వాల్యూమ్ సగానికి, దాని క్రాసోవర్ (ఏ స్వరం కిందివి సబ్‌వూఫర్‌కు పోవాలో తేల్చే హద్దు) గరిష్ఠానికి తిప్పి, ఫ్యాను ఆపేసి మొదలుపెట్టాలి. కడపలో మే నెలలో ఫ్యాను ఆపమంటే కష్టమే, అందుకని తెల్లవారుజామున చేసుకోవడం మేలు. దూరం, లెవెల్, ఈక్వలైజర్ మూడూ తానే కొలిచి పెడుతుంది. వేర్వేరు ఓమ్‌లు, వేర్వేరు సెన్సిటివిటీలు ఉన్నా లెవెళ్ళు దగ్గరికి వస్తాయి. డబ్ల్యూ-1 అని హెచ్చరిక వస్తే ప్లస్, మైనస్ తారుమారైనట్టు. డబ్ల్యూ-3 వస్తే స్పీకర్ల లెవెళ్ళ మధ్య తేడా మితిమీరినట్టు. కలగూర సెట్టుల్లో రెండోది వచ్చే అవకాశం ఎక్కువ, దానికి మందు చాలాసార్లు స్పీకరు మార్చడమే. డబ్ల్యూ-1 మాత్రం ఒక్కోసారి వైర్లన్నీ సరిగ్గా ఉన్నా వస్తుంది. వైరు చూసి, సరిగ్గా ఉంటే వదిలేయండి.

రంగు గుర్తులు లేని డబ్బాకు ప్లస్ ఏదో తెలియకపోతే 1.5 వోల్టుల పెన్ బ్యాటరీ చాలు. వైరు కొనలను బ్యాటరీకి ఒక్క క్షణం తాకిస్తే కోను ముందుకు కదలాలి. అప్పుడు బ్యాటరీ ప్లస్‌కు తాకిన తీగే స్పీకరు ప్లస్. లోపలికి పోతే తీగలు మార్చండి.

వైపావో చేసిందంతా ఒప్పుకోవాల్సిన పని లేదు. టవర్లను తరచుగా లార్జ్ (బేస్ అంతా తానే పలికేది) అని రాస్తుంది. సబ్‌వూఫర్ ఉన్న ఇంట్లో వాటిని స్మాల్‌కు (బేస్ సబ్‌వూఫర్‌కు వదిలేదానికి) మార్చి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెడితే బేస్ భారం సబ్‌వూఫర్ మోస్తుంది, రిసీవరు చల్లగా ఉంటుంది. చాలా స్పీకర్లలో ఇంపీడెన్స్ దిగే ఒక పల్లం 100, 300 హెర్ట్జ్ మధ్య ఉంటుంది కనుక దీంతో అన్ని కష్టాలూ తీరవు, కానీ ఎక్కువ కరెంటు తాగే లోతు స్వరాలు పక్కకు పోతాయి. మనకు ఇబ్బంది పెట్టేది ఇక్కడే ఉంది: వి385లో క్రాసోవర్ ఒక్కటే, స్మాల్ అని పెట్టిన స్పీకర్లన్నిటికీ కలిపి. టవర్లకు 80 చాలు, మూడంగుళాల సరౌండ్ డబ్బాకు 160 కావాలి. 160 పెడితే టవర్ల పని సబ్‌వూఫర్‌కు పోయి మగ గొంతు మూల నుంచి వినపడుతుంది. 80 పెడితే డబ్బాలు గరగరలాడతాయి. మా ఎంపిక టవర్లను లార్జ్‌లోనే ఉంచి, మిగతావి స్మాల్ చేసి 120 పెట్టడం. ఎక్స్‌ట్రా బేస్ (టవర్ల బేస్‌ను సబ్‌వూఫర్‌కు కూడా పంపే సెట్టింగ్) ఆఫ్‌లో ఉండాలి. ఛానెల్‌కు ఒక క్రాసోవర్ ఇచ్చే రిసీవర్లు ఉన్నాయి, స్పీకర్లు మరీ పొంతన లేనివైతే ఆ అదనపు డబ్బు దండగ కాదు.

చివరగా మాన్యువల్ సెటప్‌లోని టెస్ట్ టోన్ వేసి, ఫోనులో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని ఒక్కో ఛానెల్ 75 డీబీ దగ్గరికి వచ్చిందో లేదో చూడండి. లెవెల్ అర డీబీ అడుగులతో, ప్లస్ మైనస్ 10 దాకా కదులుతుంది. సరౌండ్‌లో ప్లస్ 8, 9 కనిపిస్తే ఆ స్పీకరు ఈ సెట్టుకు తగింది కాదు. లెవెల్ కలిసినా గొంతు కలవదన్నది ఇంకో సంగతి. ఎడమ టవరు నుంచి సెంటర్ మీదుగా కుడికి నడిచే మనిషి మధ్యలో ఇంకో మనిషిగా మారిపోతే ఈక్వలైజర్ కొంతే సర్దుతుంది. కాబట్టి ముందు మూడు స్పీకర్లు ఒకే కంపెనీ, ఒకే శ్రేణివి చూసుకోండి, వాటిలో సెంటర్ 6 ఓమ్, టవర్లు 8 ఓమ్ అయినా సరే. వెనకవి 6 ఓమ్‌కు తగ్గకుంటే ఏ కంపెనీవైనా ఫరవాలేదు.

తక్కువ ఓమ్ స్పీకరుకు వైరు మందంగా ఉండాలి. ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కల ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే 1.5 స్క్వేర్ ఎమ్‌ఎమ్ రాగి ఫ్లెక్సిబుల్ వైరుకు 10 మీటర్ల దూరం రానూపోనూ కలిపి 0.27 ఓమ్ నిరోధం. 8 ఓమ్‌కు అది 3 శాతం చిల్లర, బాగుంది. 6 ఓమ్‌కు నాలుగున్నర, ఇదీ సరే. వెనక గోడ దాకా అంతకంటే ఎక్కువ దూరమైతే 2.5 స్క్వేర్ తీసుకోండి. పాత సెట్టుతో వచ్చే దారంలాంటి తీగ 0.5 స్క్వేర్ ఉంటే అదే దూరానికి 0.8 ఓమ్ దాకా వస్తుంది, 6 ఓమ్‌కు 13 శాతం. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ చౌకగా అమ్ముతారు. గోరుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. దాని నిరోధం రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు. కొనలు ఒక సెంటీమీటరే ఊడదీసి, పోగులు గట్టిగా మెలిపెట్టి దూర్చండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌ను తాకినా డిస్‌ప్లే మీద చెక్ ఎస్పీ వైర్స్ అని వచ్చి రిసీవరు ఆగిపోతుంది. అది కనిపిస్తే రిసీవరు చెడిపోయిందని సర్వీసుకు మోయకుండా ముందు పోగులు చూడండి.

ఇక మన ఇళ్ళ సంగతి. గోడలో అలమారా, దానికి కడప బండల అరలు, ఆ అరలో రిసీవరు, ముందు అద్దం తలుపు: చాలా హాళ్ళలో కనిపించే ఏర్పాటు ఇది. రిసీవరుకు ఇంతకంటే చెడ్డ చోటు లేదు. వేడి పైకి పోదామంటే పైన బండ అడ్డం, వెనక గోడ. ఎండాకాలంలో గదే 38 డిగ్రీలు ఉంటే 6 ఓమ్ స్పీకర్లు కూడా 4 ఓమ్ అంత భారంగా అనిపిస్తాయి దానికి. పైన ఒక అడుగు, పక్కల్లో, వెనక ముప్పావు అడుగు ఖాళీ వదలండి, లేదా టీవీ స్టాండు మీద బయట పెట్టండి. మీద సెట్‌టాప్ బాక్సు, క్రోషియా గుడ్డ వద్దు.

నాపరాయి నేల, సున్నం గోడలు, ఆర్‌సీసీ కప్పు ఉన్న గదిలో సౌండు గోడకూ గోడకూ కొట్టుకుంటుంది. చప్పట్లు కొడితే ట్రింగుమని తిరిగొస్తే అదే. డైలాగు అర్థం కావట్లేదని సెంటర్ లెవెల్ పెంచుకుంటూ పోయేవాళ్ళు ముందు స్పీకర్లకూ సోఫాకూ మధ్య మందపాటి జంపఖానా పరిచి, కిటికీకి బరువైన కర్టెన్ వేసి మళ్ళీ కొలిపించండి. చాలాసార్లు కొత్త స్పీకరు అవసరం రాదు.

కరెంటు పోయినప్పుడు సినిమా ఆగకూడదని రిసీవరును ఇన్వర్టర్ లైనులో పెట్టేవాళ్ళు ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దో కాదో చూసుకోవాలి. స్క్వేర్ వేవ్ రకమైతే స్పీకర్లలో బుర్రుమనే మోత, ట్రాన్స్‌ఫార్మర్‌లో వేడి తప్పవు. అలాంటప్పుడు ఇన్వర్టర్ లేని ప్లగ్గుకు మార్చేయడమే మంచిది.

ఈ రిసీవరు ఎవరికి? 8 ఓమ్, 6 ఓమ్ స్పీకర్లు కలగలిసి ఉన్నవాళ్ళు, 10 అడుగులకు 12 అడుగుల గదిలో వినేవాళ్ళు నిశ్చింతగా తీసుకోవచ్చు. ఇంట్లో ఉన్నవి 3, 4 ఓమ్ డబ్బాలు మాత్రమే అయితే ఇది మీది కాదు. వాటిని అమ్మేసి 8 ఓమ్ బుక్‌షెల్ఫ్ జత ఒకటి తెచ్చుకోండి. ముందు రెండు స్పీకర్లతో మొదలుపెట్టి, మెనూలో సెంటర్, సరౌండ్ ‘నన్’ (లేవు) అని పెట్టినా వి385 పలుకుతుంది, లేని ఛానెళ్ళ సౌండు కూడా ఆ రెండింటిలోకే వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే అయిదు టెర్మినళ్ళలోనూ ఒకే స్పీకరును మార్చి మార్చి కట్టి వినండి, ఒక్కో ఛానెల్‌ను పది నిమిషాలైనా. వైపావో మైకు పెట్టెలో ఉందో లేదో అడగడం మరిచిపోకండి, అది పోయిన సెట్టులు చాలా అమ్మకానికి వస్తుంటాయి.